మెసేజ్ పెట్టాలా, ఫోన్ చెయ్యాలా, ఎదురుగా కూర్చోవాలా? – మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే గొడవ చుట్టూ తిరుగుతున్నాయి. భార్యాభర్తలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, తల్లీకూతుళ్లు, పాత స్నేహితులు, ఎవరు రాసినా చివరికి "నేను చెప్పింది ఒకటి, వాళ్లకి అర్థమైంది ఇంకొకటి" అన్న దగ్గరికే వస్తున్నారు. ఏం చెప్పారో వివరంగా రాస్తున్నారు గానీ ఎలా చెప్పారు, మెసేజ్‌లోనా ఫోన్‌లోనా ఎదురుగానా అన్నది ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, నేను ప్రతి ఉత్తరంలోనూ అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఏది వాడాలి అన్నది మనం మన వీలుని బట్టి ఎంచుకుంటాం, దాని వల్ల వచ్చే ఇబ్బంది మాత్రం అవతలివాళ్ల మీద పడుతుంది. ఉత్తరాలు కుదించి వేస్తున్నా, పేర్లు వద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న: అక్కా, మా ఆయనదీ నాదీ వేర్వేరు షిఫ్టులు, నేను ఇంటికొచ్చేసరికి ఆయన బయల్దేరిపోతారు, కాబట్టి ఇంటి విషయాలన్నీ వాట్సాప్‌లోనే మాట్లాడుకుంటాం. ఇల్లు మారదామనుకుంటున్నాం, రెండిళ్లు చూశాం, ఏది తీసుకుందాం అని ఆయన అడిగితే నేను "నీ ఇష్టం" అని పెట్టాను. నాకు నిజంగానే రెండూ నచ్చాయి, ఆయనకి ఏది బాగుంటే అది తీసుకోమని నా ఉద్దేశం. ఆయనేమో నేను విసుక్కున్నానని అనుకుని ముభావంగా ఉండిపోయారు. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా నన్ను ఇంత తప్పుగా ఎలా అర్థం చేసుకుంటారు?

జవాబు: ఆయన మిమ్మల్ని తప్పుగా అర్థం చేసుకోలేదమ్మా, ఆయనకి అందిందే సగం. మీరు ఆ రెండు మాటలు టైప్ చేస్తున్నప్పుడు మీ మనసులో మీ గొంతు వినిపించింది, మెత్తగా, కాస్త నవ్వుతూ. ఆ గొంతు ఫోన్లోకి ఎక్కలేదు. డ్యూటీలో అలిసిపోయి ఉన్న మనిషి ఆ రెండు మాటల్ని తన గొంతుతో, తన ఆ పూట మూడ్‌తో చదువుకున్నాడు.

ఇది మీ ఒక్కరి ఇంట్లో జరిగేది కాదు. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. కొంతమందికి అందరికీ తెలిసిన పాటల లిస్టు ఇచ్చి, పాడకుండా బల్ల మీద వేళ్లతో దరువు మాత్రమే వెయ్యమంది, ఎదుటివాళ్లు అది ఏ పాటో చెప్పాలి. దరువు వేసినవాళ్లు సగం పాటలైనా కనిపెట్టేస్తారులే అనుకున్నారు. 120 పాటల్లో కనిపెట్టింది 3. వేసేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతోంది, వినేవాళ్లకి మాత్రం టకటక తప్ప ఏమీ లేదు. మీ మెసేజ్ విషయంలోనూ జరిగింది ఇదే.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ ఇంకొందరు కలిసి నేరుగా ఈమెయిల్ మీదే పరీక్ష పెట్టారు. కొన్ని వాక్యాలు సీరియస్‌గా, కొన్ని వెటకారంగా పంపించాలి, చదివేవాళ్లు ఏది ఏదో చెప్పాలి. పంపినవాళ్లు 78 శాతం కరెక్టుగా పట్టుకుంటారని అంచనా వేశారు. అవే మాటలు గొంతుతో చెప్పినప్పుడు ఆ అంచనా దాదాపు నిజమైంది, 73 శాతం. మెయిల్లో మాత్రం 56 శాతం, అంటే బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే కొంచెం మెరుగు అంతే. మీరు అడిగిన "ఇన్నేళ్ల కాపురం" ప్రశ్నకి కూడా అందులోనే జవాబుంది, అదే పరిశోధనలో స్నేహితులు చదివినా కొత్తవాళ్లు చదివినా పెద్ద తేడా రాలేదు. దగ్గరి మనిషి కాబట్టి అర్థం చేసుకుంటాడులే అనే ధీమా వల్లే మనం ఇంట్లోవాళ్లకి ఇంకా పొట్టిగా రాస్తాం, పైవాళ్లకైతే నాలుగు మాటలు ఎక్కువే రాస్తాం.

ఇంకో సంగతి ఉంది, నాకు ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది. నోటితో అన్న మాట కాసేపటికి చెదిరిపోతుంది, అన్న తీరు మాత్రమే గుర్తుంటుంది. రాసిన మాట అలా కాదు, స్క్రీన్ మీద అలాగే ఉంటుంది, కోపంలో ఉన్న మనిషి దాన్ని మళ్లీ మళ్లీ తెరిచి చూస్తాడు, చూసిన ప్రతిసారీ ఇంకాస్త గట్టి గొంతుతో చదువుకుంటాడు. అందుకే దాని మీద వివరణ మళ్లీ మెసేజ్‌లో పెట్టకండి, దానికి కూడా ఇదే గతి పడుతుంది. ఒక్క పది నిమిషాలు ఫోన్ చేసి "నాకు రెండిళ్లూ నచ్చాయండి, మీకు డ్యూటీకి ఏది దగ్గరైతే అది చూద్దాం" అని చెప్పండి. ఇకముందు గ్యాస్ బుక్ చేశారా, కరెంటు బిల్లు కట్టారా లాంటివి వాట్సాప్‌లో హాయిగా మాట్లాడుకోండి, ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సినవి, డబ్బు, ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు, ఇవి మాత్రం ఇద్దరూ దొరికే టైం చూసుకుని నోటితోనే మాట్లాడుకోండి. ఆ టైం వారంలో ఒక్కసారే దొరికినా ఫరవాలేదు.

ప్రశ్న: మేడమ్, నేను టీమ్ లీడ్‌ని, నా టీమ్‌లో అందరూ ఇళ్ల నుంచే పనిచేస్తారు. ప్రతి సోమవారం కాల్‌లో గంటసేపు అంతా వివరంగా చెప్తాను, ఏమైనా డౌట్లున్నాయా అంటే ఎవరూ మాట్లాడరు, అందరూ ఓకే ఓకే అంటారు. శుక్రవారం చూస్తే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చేసి ఉంటారు. మెయిల్ పెడితే చదవరు, కాల్‌లో చెప్తే ఇలా. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ "ఓకే" దగ్గరే మొదలుపెడదాం సార్. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనరీఫ్ దీవి ఎయిర్‌పోర్టులో పొగమంచులో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కి సిద్ధంగా ఉన్న కేఎల్ఎం కంపెనీ విమానం నుంచి మేం టేకాఫ్ దగ్గరున్నాం అన్నట్టు రేడియోలో చెప్పారు, టవర్‌లో ఉన్న కంట్రోలర్ "ఓకే" అని, ఒక్క క్షణం ఆగి, ఆగండి నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇంకో విమానం, పాన్ యామ్ కంపెనీది, దాని పైలట్లు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని చెప్పారు. ఆ రేడియోలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోయి కీచుమనే శబ్దం వస్తుంది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినబడింది ఆ "ఓకే" ఒక్కటే, అసలు ప్రాణం కాపాడాల్సిన రెండు మాటలూ కీచుశబ్దంలో కలిసిపోయాయి. ఆ ప్రమాదానికి వేరే కారణాలు కూడా చాలా ఉన్నాయి, కానీ ఆ తర్వాత విమానాల భాషలో ఓకే, సరే లాంటి పొడి జవాబులకి విలువ లేకుండా చేశారు, ఏం విన్నారో పైలట్ తన నోటితో తిరిగి చెప్పాలి, కంట్రోలర్ అది విని సరిచూసుకోవాలి.

మీ సోమవారం కాల్‌లో లేనిది ఇదే. గంటసేపు ఒక్కరే మాట్లాడే కాల్ పేరుకే కాల్, అది చదివి వినిపించిన మెయిల్. మీరు గొంతు వాడారు గానీ గొంతుకున్న అసలు సౌకర్యం, అవతలివాళ్లు మధ్యలో ఆపి అడగడం, అది వాడుకోలేదు. పైగా చివర్లో డౌట్లున్నాయా అంటే పదిమంది ముందు నాకు అర్థం కాలేదు అనడానికి ఎవరికి నోరొస్తుంది, కెమెరాలు కూడా ఆపేసి ఉంటే మీకు వాళ్ల మొహాల్లో అయోమయం కూడా కనబడదు.

అలన్ డెనిస్, జోసెఫ్ వలాసిచ్ అనే ప్రొఫెసర్లు 1999 నుంచి ఈ విషయం మీద రాస్తూ వచ్చారు, వాళ్లు చెప్పేది నాకు బాగా పనికొచ్చేదిగా కనబడింది. మనుషుల మధ్య జరిగే ప్రతి మాటలో రెండు పనులుంటాయి, ఒకటి సమాచారం అందించడం, రెండోది అందరూ ఒకే అర్థానికి రావడం. మొదటిదానికి రాత మంచిది, ఎందుకంటే ఎవరి వేగంలో వాళ్లు చదువుకోవచ్చు, వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు, ఆలోచించుకోవచ్చు. రెండోదానికి అప్పటికప్పుడు అటూ ఇటూ మాట్లాడుకునే మార్గం కావాలి. మీరు మొదటి పనికి కాల్ వాడుతున్నారు, రెండో పనికి ఏమీ వాడట్లేదు.

కాబట్టి ఆదివారం సాయంత్రమో శుక్రవారం సాయంత్రమో (శుక్రవారమే మంచిది, వాళ్ల ఆదివారం వాళ్లకి ఉండనివ్వండి) ఒక పేజీకి మించకుండా పనుల వివరం పంపండి. కాల్‌లో దాన్ని మళ్లీ చదవకండి, ఒక్కొక్కరిని "ఈ వారం నువ్వు ఏం చేస్తున్నావో, ఎలా చేస్తున్నావో నీ మాటల్లో చెప్పు" అని అడగండి, వాళ్లు చెప్తుంటే తేడాలు అక్కడికక్కడే బయటపడతాయి. ఇది పరీక్షలా కాకుండా అలవాటులా ఉండాలి, మీ గురించి కూడా మీరు అలాగే చెప్పండి. కాల్ అయ్యాక తేలినవి మాత్రం నాలుగు లైన్లలో గ్రూప్‌లో పెట్టండి. ఆస్పత్రుల్లో డ్యూటీ మారేటప్పుడు ఒక డాక్టర్ ఇంకో డాక్టర్‌కి రోగిని అప్పజెప్పే పద్ధతిని ఇలాగే రాతా మాటా కలిపి, విన్నవాళ్లు తిరిగి చెప్పేలా మార్చి చూశారు. 2014లో వచ్చిన ఆ పరిశోధనలో 9 ఆస్పత్రుల్లో కలిపి వైద్యంలో జరిగే పొరపాట్లు 23 శాతం తగ్గాయి. ప్రాణాలతో పనిచేసేవాళ్లకి పనికొచ్చిన పద్ధతి మీ టీమ్‌కి కచ్చితంగా పనికొస్తుంది.

ప్రశ్న: మెసేజ్ చివర ఫుల్‌స్టాప్ పెడితే కోపంగా ఉన్నట్టా? మా అమ్మాయి అలాగే అంటోంది. ఎమోజీలు పెడితే ఈ గొడవలుండవు కదా?

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ యూనివర్సిటీవాళ్లు విద్యార్థుల మీద చూస్తే, ఒక్క మాట జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉన్న ఫోన్ మెసేజ్ మనస్ఫూర్తిగా లేనట్టు అనిపించింది, అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఏ తేడా లేదు. అంటే ఒక్కోచోట ఒక్కో మర్యాద. ఎమోజీల మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. మిన్నెసోటా యూనివర్సిటీవాళ్లు 2016లో చూస్తే ఒకే ఎమోజీ ఒక్కో కంపెనీ ఫోన్లో ఒక్కోలా కనిపించడం అటుంచి, అచ్చంగా ఒకే బొమ్మ చూసినవాళ్లు కూడా అది మంచి భావమా చెడ్డ భావమా అన్నదాంట్లో 25 శాతం సార్లు ఒప్పుకోలేదు. ఎమోజీ పెట్టండి, దాంతోపాటు మాట కూడా రాయండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను వేరే దేశంలో. రోజూ వీడియో కాల్ చేస్తాను, మొహం చూస్తే అమ్మ ఎలా ఉందో తెలుస్తుందని. కానీ ఈమధ్య కాల్‌లో ఆవిడ ఎక్కువ మాట్లాడట్లేదు, నేను అడిగినదానికి కూడా ఆలస్యంగా, ముక్తసరిగా చెప్తోంది. నా మీద కోపమేమో అనిపిస్తోంది. మరీ బిజీగా ఉన్న రోజు "బాగున్నావా అమ్మా" అని మెసేజ్ పెడతాను, దానికి కూడా "ఆ" అంతే.

జవాబు: కోపం అని తేల్చుకునే ముందు రెండు విషయాలు చూసుకో తల్లీ.

మొదటిది నెట్. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోడానికీ మధ్య ఖాళీ సెకనులో ఐదో వంతు, 200 మిల్లీసెకన్లు అనుకో. 2009లో పది వేర్వేరు భాషల్లో కొలిచి చూస్తే అన్నిట్లోనూ ఇంచుమించు ఆ చుట్టుపక్కలే వచ్చింది. మన చెవి ఆ లయకి ఎంత అలవాటు పడిపోయిందంటే అంతకంటే కాస్త ఆలస్యమైతే చాలు, ఇష్టం లేదేమో, ఏదో దాస్తున్నారేమో అనిపిస్తుంది. దూరదేశాల వీడియో కాల్‌లో మాట వెళ్లి రావడానికే అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. 2014లో జర్మనీలో కొందరు కావాలని కాల్‌లో ఆలస్యం కలిపి చూస్తే, మాట్లాడుకున్నవాళ్లు లైన్‌ని తప్పుపట్టలేదు, అవతలి మనిషి ధ్యాస పెట్టట్లేదని అనుకున్నారు. మీ అమ్మ ఆలస్యంగా చెప్తోంది అనుకుంటున్నావు, ఆవిడకి కూడా నువ్వు తొందరపడి మధ్యలో అందుకుంటున్నట్టు అనిపించి ఉండొచ్చు, రెండుమూడుసార్లు మాట మాటా ఢీకొన్నాక పెద్దవాళ్లు మెల్లమెల్లగా మాట్లాడటమే మానేస్తారు.

రెండోది చెవులు. వయసు పైబడేకొద్దీ ముందు తగ్గేది సన్నటి శబ్దాలు వినే శక్తి, స, శ, ఫ లాంటివి. మామూలు ఫోన్ లైన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకెళ్తుంది, ఆ సన్నటి శబ్దాల్లో చాలా భాగం అందులో పడదు. చెవి సరిగ్గా వినబడనివాళ్లు తెలియకుండానే పెదాలు చూసి అర్థం చేసుకుంటారు, అలాంటివాళ్లకి వీడియో చాలా సాయం చేస్తుంది, నీ మొహం మీద వెలుతురు పడేలా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితేనే. నడుస్తూ, వంట చేస్తూ, ఫోన్ ఎక్కడో ఆనించి పెట్టి సీలింగ్ చూపిస్తూ మాట్లాడితే ఆవిడకి ఆ సాయం కూడా పోతుంది. ఒకసారి డాక్టర్‌కి చూపించమను.

ఈ రెండూ కాకపోతే ఒక పని చెయ్యి, కొన్నాళ్లు వీడియో ఆపేసి ఉత్త ఆడియో కాల్ చెయ్యి. వింతగా అనిపిస్తుంది గానీ, మైకేల్ క్రౌస్ అనే ఆయన 2017లో వేసిన పరిశోధనలో మొహం చూస్తూ విన్నవాళ్లకంటే గొంతు ఒక్కటే విన్నవాళ్లు ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఎక్కువ సరిగ్గా పట్టుకున్నారు, చీకటి గదిలో మాట్లాడుకున్నవాళ్లు కూడా. మొహాన్ని మనం సర్దుకోగలం, ముఖ్యంగా తల్లులు పిల్లలు కంగారుపడతారని కెమెరా ముందు నవ్వు తెచ్చిపెట్టుకుంటారు, పైగా స్క్రీన్ మూల చిన్న చతురస్రంలో మన మొహం మనకే కనబడుతుంటే ఇంకా సర్దుకుంటాం. గొంతు అంత తేలిగ్గా మాట వినదు. కళ్లు మూసుకుని విను, ఊపిరి తీసుకునే తీరు, వాక్యం చివర జారిపోవడం, ఇవన్నీ వినిపిస్తాయి.

మెసేజ్ మాత్రం రోజు గడిపేయడానికి వాడకు. 2012లో ఒక పరిశోధనలో చిన్న ఆడపిల్లలకి అందరి ముందూ మాట్లాడే, లెక్కలు చేసే పరీక్ష పెట్టి కంగారు పుట్టించి, ఆ తర్వాత కొందరిని తల్లి దగ్గరికి పంపారు, కొందరితో తల్లి ఫోన్లో మాట్లాడింది, కొందరికి చాట్‌లో టైప్ చేసింది. ఫోన్లో గొంతు విన్న పిల్లలకి తల్లి పక్కన కూర్చున్నంతగా ఒంట్లో ఒత్తిడి హార్మోన్ తగ్గింది. చాట్ చేసిన పిల్లలకి మాత్రం అసలు తల్లితో మాట్లాడని పిల్లలకి ఉన్నట్టే ఉంది. అది పిల్లల మీద చేసింది, మీ అమ్మకి అచ్చంగా అలాగే అవుతుందని చెప్పలేం గానీ, బిజీ రోజున "బాగున్నావా" అని టైప్ చేసే బదులు రెండు నిమిషాలు కాల్ చేసి అదే మాట అడుగు.

ప్రశ్న: మా సార్ క్లాసులో మనం చెప్పేదాంట్లో మాటలకి ఉన్న విలువ 7 శాతమే, గొంతుకి 38, మొహానికి 55 అని చెప్పారు. నిజమేనా?

జవాబు: అలా కాదు బాబూ. అవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆయన 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల్లోంచి వచ్చిన అంకెలు, ఒక్కొక్క మాటని రకరకాల గొంతులతో వినిపించి, మొహాల ఫోటోలు చూపించి చేసినవి. ఇష్టమా అయిష్టమా అన్న భావం విషయంలో, అదీ మాటా గొంతూ మొహం ఒకదానికొకటి పొసగనప్పుడు మనం దేన్ని నమ్ముతాం అన్నదే అందులో చూశారు. అన్ని మాటలకీ ఇది వర్తించదని ఆయనే చెప్పాడు. నీ హాల్ టికెట్ నంబర్ ఫోన్లో చెప్తే అందులో 7 శాతమే అర్థమవుతుందా? నువ్వే ఆలోచించు. సార్‌ని క్లాసులో అందరి ముందూ కాకుండా విడిగా అడుగు.

ప్రశ్న: నేను ఇంజినీర్‌ని. మా దగ్గర ఏ విషయమైనా స్లైడ్లలోనే చెప్పాలి. ఒక మెషీన్ గురించి నాకు గట్టి అనుమానాలున్నాయి, నాలుగు పేజీల నోట్ రాస్తే "ఇదంతా ఎవరు చదువుతారు, రెండు స్లైడ్లు చెయ్యి" అన్నారు. చేశాను. అందరూ తలూపి వెళ్లిపోయారు.

జవాబు: మీ బాధ చాలా న్యాయమైనది, వదిలేయకండి. 2003 ఫిబ్రవరి 1న నాసా అంతరిక్ష నౌక కొలంబియా తిరిగి వస్తూ ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. అది ఆకాశంలో ఉండగానే, బయల్దేరేటప్పుడు ఊడిన ఫోమ్ ముక్క రెక్కకి తగిలిన విషయం మీద ఇంజినీర్లు స్లైడ్లు చేసి చూపించారు. ఒక స్లైడ్ పైన పెద్ద అక్షరాల్లో హెడింగు ధైర్యం చెప్తున్నట్టు ఉంది, కింద ఎక్కడో చిన్న బుల్లెట్‌లో అసలు సంగతి ఉంది, తగిలిన ముక్క సైజు 1,920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడిన ముక్క 3. అంటే 640 రెట్లు పెద్దది. ఆ ఒక్క లైను చాలు పైన చెప్పిన ధైర్యం కుప్పకూలడానికి, కానీ అది అందరికంటే అడుగున, అందరికంటే చిన్నగా కూర్చుంది. ప్రమాదం మీద వేసిన విచారణ బోర్డు తన రిపోర్టులో సాంకేతిక నివేదికల బదులు స్లైడ్లు వాడే అలవాటునే తప్పుపట్టింది.

స్లైడ్‌లో "ఎందుకంటే", "అందువల్ల", "ఒకవేళ" అనేవి పట్టవు. అనుమానం అనేదే ఆ మాటల మీద నిలబడుతుంది. కాబట్టి మీరు ఇలా చెయ్యండి: ఒకే స్లైడ్, అందులో ఒకే వాక్యం, పూర్తి వాక్యం, బుల్లెట్ కాదు. "ఈ మెషీన్‌ని ఇంత లోడ్ దగ్గర మనం ఎప్పుడూ పరీక్షించలేదు" లాంటిది. ఆ నాలుగు పేజీల నోట్ ప్రింట్ తీసి మీటింగ్ మొదట్లోనే ఇచ్చి పది నిమిషాలు అక్కడే చదవమనండి. అడగడం ఇబ్బందే, అయినా అడగండి. నిర్ణయం తీసుకునే మనిషిని ముందు రోజే విడిగా కలిసి ఐదు నిమిషాలు మాట్లాడండి, తర్వాత అదే విషయం మెయిల్లో పెట్టండి. మాట వల్ల వింటారు, రాత వల్ల విన్నామని ఒప్పుకోక తప్పదు.

ప్రశ్న: సాయం కావాలని కాలేజీ వాలంటీర్ల కోసం చాలామందికి మెయిల్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. మనుషులు అంత స్వార్థపరులా?

జవాబు: కాదు. మెయిల్లో కాదనడం చాలా తేలిక, ఊరుకుంటే చాలు. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో కొత్తవాళ్లని ఒకే సాయం, ఒకే మాటల్లో అడిగితే, ఎదురుగా అడిగినప్పుడు మెయిల్‌కంటే 34 రెట్లు ఎక్కువ ఫలితం వచ్చింది, అడిగినవాళ్లు మాత్రం రెండూ ఇంచుమించు ఒకటేలే అనుకున్నారు. నడిచి వెళ్లి అడగండి. అయితే ఎదురుగా అడిగితే కాదనలేక ఒప్పుకునేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి "ఆలోచించి రేపు చెప్పండి" అని ఒక దారి వదలండి.

ప్రశ్న: ప్రాణ స్నేహితురాలితో ఒకప్పుడు పెద్ద గొడవై మాటలు ఆగిపోయాయి. తప్పు నాదే. ఇప్పుడు మాట్లాడాలని ఉంది. ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందేమో, మెసేజ్ పెడితే మొక్కుబడిగా ఉంటుందేమో.

జవాబు: మామూలుగా దూరమైపోయిన స్నేహితులకైతే కళ్లు మూసుకుని ఫోన్ చెయ్యమంటాను. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ఇదే చూశారు, పాత స్నేహితులకి ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందని అందరూ భయపడ్డారు, తీరా చేశాక మెయిల్‌కంటే ఎక్కువ దగ్గరితనం అనిపించింది, ఇబ్బంది ఏమీ ఎక్కువ లేదు. కానీ మీది గొడవ, అందులో గాయపడింది ఆమె. హఠాత్తుగా ఫోన్ మోగితే ఆమె ఆ క్షణంలోనే జవాబు చెప్పాల్సి వస్తుంది, క్షమించలేదంటే కఠినురాలు అవుతుంది, క్షమించానంటే అబద్ధం కావచ్చు. మీ మనసు తేలికపడటానికి ఆమెని అలా ఇరికించొద్దు.

ముందు రాయండి. చేత్తో రాస్తే ఇంకా మంచిది, లేదంటే మెయిల్. ఏం జరిగిందో, అందులో మీరు చేసింది ఏమిటో పేరు పెట్టి రాయండి, "ఒకవేళ బాధపెట్టి ఉంటే" అని రాయకండి, బాధపెట్టారని మీకు తెలుసు. చివర "నువ్వు ఎప్పుడు మాట్లాడాలనుకుంటే అప్పుడు ఫోన్ చేస్తాను, వద్దనుకుంటే అది కూడా నాకు అర్థమవుతుంది" అని రాసి వదిలేయండి. చదివిందో లేదో బ్లూ టిక్ చూసుకుంటూ కూర్చునే వాట్సాప్‌లో మాత్రం ఇది పెట్టకండి, ఆ టిక్కు మీకూ ఆమెకీ కూడా మనశ్శాంతి ఇవ్వదు. ఆమె ఒప్పుకుంటే అప్పుడు ఫోన్, కుదిరితే ఎదురుగా కలవడం.

ప్రశ్న: మీ కాలమ్ ప్రతిసారీ చదువుతాను. మీరెప్పుడూ ఫోన్ చెయ్యండి, ఎదురుగా మాట్లాడండి అంటుంటారు. నాకు నత్తి. ఫోన్ మోగితేనే చేతులు చల్లబడతాయి. టైప్ చేస్తే నా అంత బాగా చెప్పేవాళ్లు లేరంటారు. కొత్త మేనేజర్ మాత్రం ప్రతిదానికీ "కాల్ చెయ్యి" అంటారు. నాలాంటివాళ్ల సంగతేంటి?

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మీకు చాలా థాంక్స్, ఇది లేకపోతే పైనున్న జవాబులన్నీ సగమే. 1980ల్లో రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ అని ఇద్దరు పరిశోధకులు, ఎదురుగా మాట్లాడటం అన్నిటికంటే పైన, ఫోన్ దాని కింద, రాత ఇంకా కింద అని మెట్లు కట్టారు, చాలామంది మేనేజర్లు ఇప్పటికీ ఆ మెట్లనే నమ్ముతారు. కానీ 1999లోనే జాన్ కార్ల్‌సన్, రాబర్ట్ జమడ్ చూపించింది ఏమిటంటే, ఏ మార్గంలో ఎంత భావం అందుతుందన్నది ఆ మార్గంలో ఆ మనుషులకి ఉన్న అలవాటుని బట్టి, ఒకరికొకరు ఎంత తెలుసన్నదాన్ని బట్టి పెరుగుతుంది. చెవిటివాళ్లకి వీడియో కాల్ అంటే బొమ్మ చూడటం కాదు, సైగల భాషలో అదే వాళ్ల మాట. మీకు కీబోర్డ్ అలాంటిది. గొంతు దగ్గర మీ శక్తంతా మాట బయటికి తేవడానికే అయిపోతే ఆ ఫోన్ కాల్‌లో మీ మేనేజర్‌కి అందేది మీరు చెప్పాలనుకున్నదాంట్లో కొంచెమే, అంటే ఆయనకే నష్టం.

అయితే ఆయన కాల్ ఎందుకు అడుగుతున్నారో కూడా చూడండి. అప్పటికప్పుడు అడిగి తెలుసుకోవాలని కావచ్చు. ఆ అవసరం మీరు వేరేలా తీర్చొచ్చు, ఇద్దరూ ఒకే టైంలో చాట్‌లో కూర్చుంటే మెసేజ్ కూడా సంభాషణే, అడ్డుపడి అడగొచ్చు, వెంటనే జవాబు వస్తుంది. లేదంటే వీడియో కాల్‌లో ఆయన మాట్లాడుతుంటే మీరు చాట్ బాక్సులో రాయొచ్చు, మొహం కనబడుతుంది కాబట్టి మీరు ఆలోచిస్తున్నారో టైప్ చేస్తున్నారో ఆయనకి తెలుస్తుంది. ఇది ఆయనకి ముందే, ఏ పని గొడవా లేని రోజున, ఒక చిన్న మెయిల్‌లో చెప్పేయండి: "సార్, నాకు నత్తి ఉంది. ఫోన్లో నేను చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పలేను. మీకు వెంటనే జవాబు కావాల్సినప్పుడు చాట్‌లో పిలవండి, అప్పటికప్పుడే ఉంటాను. కాల్ తప్పనిసరైతే నాకు కాస్త టైం ఇవ్వండి, నా వాక్యం నన్నే పూర్తి చెయ్యనివ్వండి." క్షమాపణలు ఏమీ కలపకండి అందులో. ఆ చివరి రెండు లైన్లూ మీ ఆఫీసు చాట్ ప్రొఫైల్లో కూడా పెట్టేయండి, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ మళ్లీ మొదట్నుంచి చెప్పే పని తప్పుతుంది.